టైరులోని గాలికి సరియైన కొలత

మన రైతులు ధాన్యమును గాని, ప్రత్తిని గాని, మిరపను గాని మార్కెటు యార్డునకు తోలుకొని పోయినప్పుడు మొట్టమొదట చూచునది కాటాను. ముల్లు సున్న వద్ద నిలిచినదా, పళ్లెము క్రింద రాయి యేదైన తగులుకొన్నదా యని రెండు మూడు పర్యాయములు చూచిన పిదపగాని బస్తాను ఎక్కింపనీయరు. బస్తాకు ఒక కిలో తరుగు వచ్చినను ఊరకుండరు. ఇంతటి జాగ్రత్త గల రైతే తన కారు టైర్లలో గాలి నింపించుకొనునప్పుడు మాత్రము బంకులోని కుర్రవాడు చెప్పిన యంకెను విని, తల యూచి, వెడలిపోవుచున్నాడు. ఆ యంకె ఏ సాధనముతో, ఏ వేళ, టైరు ఏ స్థితిలో నుండగా తీయబడినదో విచారింపడు. కాటాలో తప్పు వచ్చిన సొమ్ము పోవును. టైరు కొలతలో తప్పు వచ్చిన సొమ్ముతోపాటు ప్రాణమునకును అపాయము రావచ్చును.

మన సభ్యులలో కార్లు, జీపులు, ట్రాక్టర్లు గలవారు నేడు అనేకులు గలరు. కావున టైరులోని గాలిని నిజముగా కొలుచు విధమును ఈ పాఠమునందు వివరించుచున్నాము. ఇందు కష్టమైన విద్య ఏదియు లేదు. నాలుగు సంగతులు జ్ఞాపకముంచుకొనిన చాలును.

మా యనుభవము

మా సంఘమునకు ఒక కారు గలదు. దాని తలుపు ప్రక్కనున్న చీటీపై గాలి 32 పౌండ్లని వ్రాసి యున్నది. వేసవి ఆరంభమున విత్తనముల నిమిత్తము గుంటూరు పోవుచు, మిట్టమధ్యాహ్నము త్రోవలోని యొక బంకు వద్ద గాలి చూపించితిమి. గేజి 37 చూపెను. గాలి యెక్కువైనదని మేమే చెప్పి, నాలుగు టైర్లలోను 32 వచ్చువరకు తీయించితిమి. మంచిపని చేసితిమనియే తలచితిమి.

ఆ పిమ్మట రెండు మాసముల పాటు ఎప్పుడు చూపించినను ప్రయాణము మధ్యనే, ఎండలోనే చూపించితిమి. గేజి 30 గాని 31 గాని చూపుచుండెను. ఒకటి రెండు పౌండ్ల తేడాయే కదా యని సరిపెట్టుకొంటిమి. వైశాఖమాసపు టెండలో నలుగురు సభ్యులతోను, వెనుక నిండుగా నున్న సామానుతోను రహదారిపై పోవుచుండగా వెనుక టైరు ప్రక్కగోడ చీలి పగిలిపోయెను. నడపువాడు బ్రేకును గట్టిగా త్రొక్కక, చక్రమును నిబ్బరముగా పట్టుకొని, వేగము తనంతట తగ్గనిచ్చి బండిని ప్రక్కకు చేర్చెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. మరునాడు తెల్లవారుజామున మిగిలిన మూడు టైర్లను చల్లగా నున్నప్పుడు కొలువగా 25 పౌండ్లు మాత్రమే యుండెను. అనగా మా టైర్లు రెండు మాసముల పాటు అరకొర గాలితో నడిచినవి; ఆ సంగతిని వేడి టైరుపై తీసిన కొలత మా కన్నుల నుండి కప్పిపుచ్చినది. తప్పు బంకువానిది కాదు, గేజిది కాదు, మాదే. ఆ తప్పు మరియొకరు చేయకుండుటకే ఈ పాఠము.

ఒత్తిడి యనగా నేమి?

బండి బరువును మోయునది రబ్బరు కాదు, దానిలో బిగించిన గాలి. ఈ సంగతిని లోకమునకు ఆచరణలో చూపినవాడు జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు. ఆయన బెల్ఫాస్టు పట్టణమున నుండి, కుమారుని మూడుచక్రముల బండి కుదుపును తగ్గింపగోరి రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు కట్టెను. 1888 సంవత్సరమున దానికి పేటెంటు పొందెను.

లోనున్న గాలి టైరు గోడలపై ప్రతి చదరపు అంగుళమునకు ఎన్ని పౌండ్ల బలముతో నొత్తుచున్నదో చెప్పు అంకెయే మనము 32, 33 యని వాడుకగా చెప్పుకొనునది. దీనినే పీ.ఎస్.ఐ. యందురు. కొన్ని కార్ల చీటీలపై ఈ లెక్క కిలోపాస్కలులలో గాని బారులలో గాని యుండును. 100 కిలోపాస్కలులు ఒక బారు. ఒక బారు సుమారు 14.5 పౌండ్లు. కావున 200 కిలోపాస్కలులనిన 29 పౌండ్లు, 220 అనిన 32 పౌండ్లు, 240 అనిన సుమారు 35 పౌండ్లు.

ఒక చక్రముపై 300 కిలోల భారము, అనగా సుమారు 660 పౌండ్లు, ఉన్నదనుకొందము. గాలి 33 పౌండ్లుండిన, టైరు సుమారు 20 చదరపు అంగుళముల మేర నేలను పట్టుకొని ఆ బరువును మోయును. గాలి 22కు తగ్గిన, అదే బరువునకు 30 చదరపు అంగుళములు కావలెను. అందుచే టైరు మరింత అణగును. చక్రము తిరుగు ప్రతి తడవ ప్రక్కగోడ అంతకంతకు వంగి లేచుచుండును. ఇనుప తీగను అటునిటు పదేపదే వంచిన వేడెక్కి విరుగునట్లు, రబ్బరును లోని దారములును వేడెక్కి బలము కోల్పోవును. వేసవిలో టైర్లు పగులుటకు ఎక్కువ గాలియే కారణమని అనేకులు నమ్ముచున్నారు. నిజమునకు తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేగము, ఈ మూడును కలిసి చేయు కీడే అధికము.

ఏ యంకె మనది?

టైరు ప్రక్కగోడపై అచ్చొత్తిన అంకెను చూచి గాలి నింపుట పెద్ద పొరపాటు. అది ఆ టైరు తాళగల గరిష్ఠపు ఒత్తిడి. మన బండికి తగిన ఒత్తిడి కాదు. మనకు కావలసిన అంకె నడపువాని తలుపు తెరచినచో కనబడు స్తంభముపై నంటించిన చీటీలోను, బండితో నిచ్చిన పుస్తకములోను ఉండును. అందు ముందు చక్రములకు ఒక అంకె, వెనుక చక్రములకు మరియొకటి, నిండు బరువునకు వేరొకటి యుండవచ్చును. పెండ్లికో తిరునాళ్లకో అయిదుగురు ఎక్కి, వెనుక సామాను నింపుకొని పోవునప్పుడు నిండు బరువునకు చెప్పిన అంకెనే అనుసరింపవలెను. చీటీ చినిగిపోయినచో పుస్తకము నుండి ఆ యంకెలను ఎత్తి వ్రాసి బండిలోనే యుంచుకొనుడు.

ఎప్పుడు కొలువవలెను?

చీటీపైని అంకె చల్లని టైరునకు సంబంధించినది. ఈ పాఠమున ముఖ్యమైన మాట ఇదియే. చల్లని టైరనగా కనీసము 3 గంటలు కదలక నిలిచియున్న బండి టైరు. లేదా అట్లు నిలిచిన పిదప ఒకటిన్నర కిలోమీటరునకు మించి, అదియును నెమ్మదిగా తప్ప, నడువని బండి టైరు. తెల్లవారుజామున ఎండ పడకముందు కొలుచుట అన్నిటికంటె శ్రేష్ఠము. ఒక ప్రక్క చక్రములకు ఎండ తగులుచు, రెండవ ప్రక్క నీడలో నున్నచో, గాలి సమానముగా నున్నను గేజి వేరువేరు అంకెలు చూపును. అది చూచి ఎండ ప్రక్క టైర్ల గాలి తీసివేయువారును గలరు.

వేడి యెక్కినకొలది మూసియున్న గాలి ఒత్తిడి పెరుగును. కారు టైరులో ప్రతి 10 డిగ్రీల సెంటీగ్రేడునకు సుమారు ఒకటిన్నర పౌండ్లు పెరుగునని లెక్క. ఈ లెక్కను మా కారునకు వర్తింపజేసి చూడుడు. తెల్లవారుజామున 28 డిగ్రీల వేడిమిలో 32 పౌండ్లున్న గాలి, మధ్యాహ్నము రహదారిపై టైరు లోపల 62 డిగ్రీలకు వేడెక్కిన, సుమారు 37 పౌండ్లు చూపును. ఇది ఉండవలసినదే. టైరును చేసినవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోనికి తీసికొనిరి. ఆ 37ను 32కు దింపినచో, మరునాటి యుదయమున చల్లారిన టైరులో 27 మాత్రమే మిగులును. మేము చేసిన పని సరిగా నిదియే. ఆ మీదట టైరు తనంతట తాను మాసమునకు సుమారు ఒక పౌండు గాలిని కోల్పోవుచుండును. కావున రెండు మాసములకు 25కు దిగినది.

వేడిగా నున్న టైరు నుండి గాలిని తీయరాదు. ఇది మన సభ్యులందరును మనసున నాటుకొనవలసిన మాట.

ఋతువులు మారునప్పుడును ఈ లెక్కయే వర్తించును. వేసవి యుదయమున 30 డిగ్రీలలో సరిచేసిన టైరు, మార్గశిర పుష్యమాసముల తెల్లవారుజామున 15 డిగ్రీలలో రెండు పౌండ్లకు పైగా తక్కువ చూపును. కావున నెలకొక పర్యాయము, దూరప్రయాణమునకు ముందు మరియొక పర్యాయము కొలుచుట మంచిది.

నత్రజని నింపించిన ఈ చిక్కు లేదని కొందరు చెప్పుదురు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నత్రజని గలదు. వేడికి దాని ఒత్తిడియు మామూలు గాలివలెనే పెరుగును. నత్రజని యున్నను, మామూలు గాలి యున్నను, కొలుచుట మానరాదు.

కొలత సాధనము

గేజీలు ముఖ్యముగా మూడు విధములు. కలమువలె నుండి, గాలి త్రోయగా లోని పుల్ల బయటకు వచ్చునది యొకటి. గడియారమువలె ముల్లు గలది రెండవది. అంకెలను వెలిగించి చూపునది మూడవది. ముల్లు గల గేజీలలో అనేకములందు వంచిన రాగి లేక ఇత్తడి గొట్టముండును. ఒత్తిడి వలన గొట్టము విప్పుకొనజూచి ముల్లును త్రిప్పును. దీనిని 1849లో ఫ్రాన్సు దేశమున యూజీన్ బూర్డాన్ కనిపెట్టెను. ఇట్టి గొట్టము నేలపై పడినచో కొంచెము వంగి, ఆ మీదట అన్ని కొలతలును తప్పుగా చూపవచ్చును. పలువురి చేతులలో పడి, రోజుకు నూరుమార్లు నేలపై ఈడ్వబడు గేజిని సరిచూడక నమ్మరాదనుటకు కారణమిది.

గేజిని ఎంచుకొనునప్పుడు దాని హద్దును చూడుడు. మనకు కావలసిన అంకె ముఖము మధ్యభాగమున పడవలెను. 30 పౌండ్లను కొలుచుటకు 60 వరకు గల గేజి తగినది. లారీ టైర్లకు వాడు 150 పౌండ్ల గేజిలో రెండు మూడు పౌండ్ల తేడా కంటికి తెలియదు. బంగారమును ధాన్యపు కాటాపై తూచినట్లగును.

గేజి మంచిచెడ్డలను ఇంటనే పరీక్షింపవచ్చును. ఒకే చల్లని టైరుపై వరుసగా మూడు పర్యాయములు కొలువుడు. మూడును ఒక పౌండు లోపల కలిసిన, గేజి నిలకడ గలది. ఒకసారి 29, ఒకసారి 33 చూపిన, మొదట మీ పట్టు సరిగా నున్నదో లేదో చూచుకొని, అప్పటికిని మారనిచో దానిని విడిచిపెట్టుడు. తరువాత సరియైనదని తెలిసిన వేరొక గేజితో పోల్చుడు. మీది ఎల్లప్పుడును 2 పౌండ్లు తక్కువ చూపుచున్నచో దానిని పారవేయ నక్కరలేదు. ‘2 కలుపవలెను’ అని చీటీ వ్రాసి అంటించుకొనిన ఆ గేజియే పనికివచ్చును. ఎప్పుడును ఒకే రీతిగా తప్పు చెప్పు సాధనమును సరిదిద్దుకొనవచ్చును. క్షణమునకొక మాట చెప్పు సాధనమును సరిదిద్దలేము.

కొలుచు పద్ధతి

వాల్వు మూతను తీసి జేబులో వేసికొనుడు. నేలపై నుంచిన ఇసుక అంటును. వాల్వు మొనపైని దుమ్మును గుడ్డతో తుడువుడు. ముల్లు సున్న వద్ద నున్నదేమో చూడుడు. కలపు గేజియైన పుల్లను లోనికి త్రోయుడు. గేజిని వాల్వుపై వంకర లేకుండ నిటారుగా, ఒక్క పట్టున గట్టిగా నొత్తుడు. మొదట ‘తుస్సు’ మని యొక్క క్షణము ధ్వని వచ్చి ఆగిపోవలెను. ధ్వని ఆగక వచ్చుచున్నంతవరకు గాలి ప్రక్కలకు పోవుచున్నదని అర్థము. అప్పుడు చూపు అంకె నిజముకంటె తక్కువగా నుండును. ముల్లును ప్రక్కనుండి కాక ఎదుటనుండి చూడుడు. రెండు పర్యాయములు కొలిచి, రెండును కలిసిన తరువాతనే వ్రాసికొనుడు.

గేజిని తీసిన పిదప వాల్వు మొనపై సబ్బునీటి చుక్క వేయుడు. బుడగలు లేచినచో లోని పుల్ల కారుచున్నది, దానిని మార్పింపవలెను. చివరకు మూతను మరువక బిగింపుడు. మన పొలము దారుల దుమ్ము వాల్వులో చేరకుండ కాపాడునది ఆ చిన్న మూతయే.

వెనుక దాచిన స్టెప్నీని కూడ కొలువవలెను. అవసరము వచ్చిన నాడు అందు గాలి లేకపోయిన అది ఉండియు లేనిదే. కొన్ని కార్లకు ఇచ్చు సన్నని స్టెప్నీలకు 60 పౌండ్ల వరకు కావలసియుండును. దానిపై వ్రాసిన అంకెను చూడుడు.

బంకు దూరమైనప్పటి లెక్క

మన గ్రామములలో పలువురికి గాలి నింపు యంత్రము ఇంట లేదు. బంకు అయిదారు కిలోమీటర్ల దూరముండును. అచటికి చేరులోపలనే టైరు వేడెక్కును. దీనికి సులభమైన ఉపాయము గలదు. ఉదయమున ఇంటివద్దనే చల్లగా కొలిచి, ఎన్ని పౌండ్లు తక్కువో వ్రాసికొనుడు. చీటీపై 32, ఇంటి కొలత 27 అయినచో, తక్కువ 5. బంకు చేరిన పిదప మీ గేజితోనే మరల కొలువుడు. వేడి వలన అది 29 చూపెననుకొందము. 29కి 5 కలిపి 34 వచ్చువరకు నింపింపుడు. బంకువాడు ‘32 చాలునండీ’ అనినను మీ లెక్కను విడువకుడు. మరునాటి యుదయమున చల్లగా మరల కొలిచి, ఒకటి అర తేడా యున్న సరిచేసికొనుడు. పెట్రోలు బంకులలో గాలి ఉచితముగా నింపవలెనను నియమము గలదు గనుక, ఈ పనికి ఖర్చును లేదు.

హెచ్చరిక దీపము గల కార్లు

క్రొత్త కార్లలో కొన్నిటికి గాలి తగ్గినప్పుడు వెలుగు దీపముండును. అమెరికా దేశమున 2000 సంవత్సరపు చట్టము ననుసరించి క్రొత్త కార్లన్నిటికిని దీనిని విధిగా చేసిరి. అచటి నియమము ప్రకారము గాలి నూటికి 25 పాళ్లు తగ్గిన దీపము వెలుగవలెను. అనగా 32 ఉండవలసినచోట 24కు దిగినదాక వెలుగకపోవచ్చును. దీపము వెలుగలేదు గనుక గాలి సరిగా నున్నదనుకొనుట, పైరు వాడిపోయినదాక తడి పెట్టక కూర్చుండుట వంటిది. దీపము ఆపద వచ్చినదని చెప్పును. గేజి ఆపద రాకముందే చెప్పును.

ట్రాక్టరు గల సభ్యులకు

ట్రాక్టరు వెనుక టైర్లలో పొలమునందు ఉండవలసిన గాలి కారులోని దానికంటె చాల తక్కువ. 14 పౌండ్లు ఉండవలసినచోట 2 పౌండ్ల తప్పు వచ్చిన, అది ఏడవ వంతు తప్పగును. కావున తక్కువ హద్దు గల గేజిని వాడవలెను. బరువు కొరకు టైరులో నీరు నింపినవారు మరియొక సంగతి గమనింపవలెను. వాల్వు అడుగున నుండగా కొలిచిన నీరు గేజిలోనికి వచ్చి దానిని పాడుచేయును. నీటి ఎత్తు వలన అడుగుకు 0.43 పౌండ్ల చొప్పున అంకెయు పెరుగును. చక్రమును త్రిప్పి వాల్వును పైకి తెచ్చి కొలువుడు. దుక్కికి ఒక ఒత్తిడి, రహదారిపై తొట్టి లాగుటకు వేరొక ఒత్తిడి కావలసియుండును. ఆ యంకెలను ట్రాక్టరు పుస్తకమున చూడుడు.

సంఘములు చేయదగిన పని

ఒక్కొక్కరు ఒక్కొక్క మంచి గేజిని కొనలేకపోవచ్చును. సంఘము ఒకటి కొనగలదు. దానిని నిత్యపు వాడుకకు ఈయక, తూకపురాళ్లను సరిచూచుటకు ముద్రగల రాళ్లను దాచునట్లు, పెట్టెలో భద్రపరుపవలెను. నెలకొక యుదయము సభ్యులు తమ తమ గేజీలను తెచ్చి దానితో సరిచూచుకొనవచ్చును. ఎవరి గేజి ఎంత తేడాగా నున్నదో ఒక పుస్తకమున వ్రాసియుంచిన, అది చెడుచున్నదో నిలకడగా నున్నదో కొన్ని మాసములలో తెలిసిపోవును. మా సంఘము ఆ టైరు పగిలిన పిదప ఈ యేర్పాటు చేసెను. మొదటి యుదయమున వచ్చిన గేజీలలో రెండు కలిసినవి అరుదు. ఒకటి 4 పౌండ్లు ఎక్కువ చూపెను. దాని యజమాని తన టైర్ల అంచులు ఎందుకు త్వరగా అరుగుచున్నవో ఆనాడు తెలిసికొనెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. తలుపు వద్ద చీటీపైని అంకెను అనుసరింపవలెను. టైరుపైని అంకెను కాదు.

2. తెల్లవారుజామున, బండి 3 గంటలు నిలిచిన పిదప కొలువవలెను.

3. వేడి టైరు నుండి గాలిని తీయరాదు. తక్కువైనచో ఇంటివద్ద కనిపెట్టిన తక్కువను బంకు కొలతకు కలిపి నింపవలెను.

4. గేజిని నిటారుగా నొత్తి, రెండు పర్యాయములు కొలిచి, సరియైన గేజితో అప్పుడప్పుడు పోల్చవలెను.

రైతు సోదరులారా! ఈ పనికి ఉదయమున పది నిమిషములు చాలును. పాలు పితుకుటకు పోవునప్పుడు గేజిని కూడ చేత పట్టుకొని పొండు. మీ బండిలో ఎక్కువారు మీ యాలుబిడ్డలే యని తలచుకొనిన, ఆ పది నిమిషములు భారముగా తోపవు.